బ్రిటన్‌లో ఇల్లు, ఇంట్లో పాపాయి... మారుతున్న రూల్స్‌తో మన లెక్కలేంటి?

సంక్రాంతి వెళ్ళిన ఆదివారం మా స్విండన్‌లో కొత్తగా ఇల్లు కొనుక్కున్న ఓ జంట మమ్మల్ని భోజనానికి పిలిచింది. అబ్బాయిది గుంటూరు వైపు, అమ్మాయిది వరంగల్. ఇద్దరికీ ముప్ఫై నిండలేదు. రైల్వే కాలం నాటి టెర్రస్ ఇల్లు. హాల్లో వాల్‌పేపర్ సగం ఊడదీసి ఉంది, మెట్ల రెయిలింగ్ మీద పాత పెయింట్ గీకి వదిలేశారు, వంటింట్లో ఒక్క స్టవ్ తప్ప ఏమీ లేదు. ఆ మధ్యలోనే అరిసెలు, పులిహోర, గోంగూర పచ్చడి. అమ్మాయికి ఐదో నెల.

తిన్నాక ఇల్లంతా తిప్పి చూపిస్తూ, మేడ మీద చిన్న గది దగ్గర ఆగి అడిగింది. "అక్కా, ఇది పాపాయి గది అనుకుంటున్నాం. కానీ ఐ.ఎల్.ఆర్ పదేళ్ళు అంటున్నారు కదా, అసలు ఈ ఇల్లు కొని తప్పు చేశామా?"

నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఇంటికొచ్చాక కూడా ఆ ప్రశ్న వదల్లేదు. అందుకే ఈ వ్యాసం.

మన పెద్దలు ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు. బ్రిటన్ తెలుగువాళ్ళకి అందులో మూడోది కూడా ఉంది, వీసా నిలబెట్టి చూడు. మేము వచ్చిన రోజుల్లో ఈ మూడూ ఒకదాని తర్వాత ఒకటి జరిగేవి. ఐదేళ్ళు ఉద్యోగం, ఐ.ఎల్.ఆర్, ఆ తర్వాత ఇల్లు, పిల్లలు. అందరికీ అలాగే కుదిరిందని కాదు, కానీ ఒక వరస ఉండేది. ఇప్పుడు ఆ వరస చెదిరిపోతోంది. ఇరవై తొమ్మిదేళ్ళ అమ్మాయిని ముప్ఫై తొమ్మిది దాకా ఆగి పిల్లల్ని కనమని ఎవరూ చెప్పలేరు. కాబట్టి ఈ తరం మూడింటినీ ఒకేసారి నెత్తిన పెట్టుకుని నడవాలి. అలా నడవాలంటే దేనికెంత బరువుందో ముందే తెలియాలి.

ఐదు పదవుతుందా?

2025 మే 12న ప్రభుత్వం ఇమ్మిగ్రేషన్ శ్వేతపత్రం విడుదల చేసింది. స్థిర నివాసానికి మామూలు గడువు ఐదేళ్ళ నుంచి పదేళ్ళు చేస్తామని అందులోనే చెప్పారు. నవంబర్ 20న హోం సెక్రటరీ షబానా మహమూద్ పూర్తి ప్రతిపాదనలు బయటపెట్టారు. దీనికి 'ఎర్న్‌డ్ సెటిల్‌మెంట్' అని పేరు పెట్టారు. అంటే స్థిర నివాసం గడువు నిండితే వచ్చేది కాదు, సంపాదించుకోవాల్సింది.

ప్రతిపాదనలో ముఖ్యమైనవి ఇవి. మామూలు గడువు పదేళ్ళు. మూడేళ్ళపాటు ఏడాదికి 50,270 పౌండ్లు పన్ను కట్టే ఆదాయం ఉంటే ఐదేళ్ళు తగ్గుతుంది. 1,25,140 పౌండ్లు ఉంటే ఏడేళ్ళు తగ్గి మూడేళ్ళకే వస్తుంది. డిగ్రీ స్థాయి కన్నా తక్కువ నైపుణ్యం కింద లెక్కేసే ఉద్యోగాలకు, ముఖ్యంగా కేర్ వర్కర్లకు, పదిహేనేళ్ళు. ఇప్పటికే ఇక్కడుండి ఇంకా ఐ.ఎల్.ఆర్ రానివాళ్ళకు కూడా ఇది వర్తింపజేయాలన్నది ప్రభుత్వ ఆలోచన. 2026 ఏప్రిల్ నుంచి మార్పులు మొదలుపెడతామన్నారు. దీని మీద ప్రజాభిప్రాయ సేకరణ 2026 ఫిబ్రవరి 12 వరకు నడిచింది.

ఇవి అప్పటికి ప్రతిపాదనలే, చట్టం కాదు. వాట్సాప్‌లో "అయిపోయింది, అందరికీ పదేళ్ళే" అని తిరుగుతున్న మెసేజీలను నమ్మి ఉద్యోగాలు మారడం, ఇళ్ళు అమ్మడం లాంటి పనులు చేయకండి. అలాగని "మనదాకా రాదులే" అని కూర్చోవడమూ సరికాదు.

డబ్బు లెక్క చూద్దాం. హెల్త్ సర్‌చార్జ్ 2024 ఫిబ్రవరి నుంచి పెద్దవాళ్ళకు ఏడాదికి 1,035 పౌండ్లు, పిల్లలకు 776. భార్యాభర్తలు, ఒక బిడ్డ ఉన్న కుటుంబానికి ఐదేళ్ళకు 14,230 పౌండ్లు. ఇంకో ఐదేళ్ళు పెరిగితే మళ్ళీ అంతే. దీనికి వీసా ఫీజులు అదనం. ఐ.ఎల్.ఆర్ ఫీజు 2025 ఏప్రిల్‌లో ఒక్కొక్కరికి 3,029 పౌండ్లు అయింది. మామూలు ఇంట్లో కొత్త వంటగది, బాత్రూం వేయించుకునే డబ్బు ఇది.

ఇక్కడ పుడితే బ్రిటిష్ కాదు

మన ఊళ్ళో ఇప్పటికీ చాలామంది అనుకుంటారు, లండన్‌లో పుడితే బిడ్డ బ్రిటిషే అని. అమెరికాతో కలిపేసుకుంటారు. ఇక్కడ 1981 నాటి జాతీయత చట్టం 1983 జనవరి 1న అమల్లోకి వచ్చినప్పటి నుంచి, బిడ్డ పుట్టే సమయానికి తల్లిదండ్రుల్లో ఒకరైనా బ్రిటిష్ పౌరులో, స్థిర నివాసం ఉన్నవాళ్ళో అయి ఉండాలి. వీసా మీదున్న జంటకు పుట్టిన బిడ్డ భారత పౌరురాలే. అదీ దానంతట అది జరగదు. పుట్టిన ఏడాదిలోపు భారత హైకమిషన్‌లో జననం రిజిస్టర్ చేయించాలి. స్థానిక రిజిస్టర్ ఆఫీసులో 42 రోజుల్లోపు నమోదు ఎలాగూ తప్పదు.

ఆ తర్వాత బిడ్డ బ్రిటిష్ అయ్యే దారులు ప్రధానంగా రెండు. మొదటిది, తల్లిదండ్రుల్లో ఒకరికి ఐ.ఎల్.ఆర్ వస్తే బిడ్డను నేరుగా పౌరురాలిగా రిజిస్టర్ చేయించవచ్చు. 2025లో ఆ ఫీజు 1,214 పౌండ్లు. బిడ్డకు విడిగా ఫీజు పెట్టి ఐ.ఎల్.ఆర్ తీసుకోనక్కర్లేదు. ఈ సంగతి తెలియక రెండు ఫీజులూ కట్టిన కుటుంబాలను నేనే చూశాను.

రెండోది, ఇక్కడ పుట్టి మొదటి పదేళ్ళు ఇక్కడే పెరిగిన బిడ్డకు తన సొంత హక్కుతోనే రిజిస్ట్రేషన్ అడిగే వీలుంది. దీనికి తల్లిదండ్రుల వీసాతో సంబంధం లేదు. ఐతే ఆ పదేళ్ళలో ఏ ఒక్క సంవత్సరంలోనూ 90 రోజులకు మించి దేశం బయట ఉండకూడదన్నది మామూలు నియమం.

ఈ రెండో దారి గురించి మనవాళ్ళు ఇన్నాళ్ళూ పట్టించుకోలేదు. ఐదేళ్ళకే ఐ.ఎల్.ఆర్ వచ్చేది కాబట్టి అవసరం పడలేదు. పదేళ్ళ రోజులొస్తే ఇదే పెద్ద దిక్కు. మన అలవాటేంటి? నర్సరీ ఖర్చు భరించలేక ఏడాది బిడ్డను అమ్మమ్మ దగ్గర వదిలి వస్తాం. "ఏడెనిమిది నెలలే కదా" అంటాం. ఆ ఏడెనిమిది నెలలు బిడ్డకు పదేళ్ళకు రావాల్సిన హక్కును చిక్కుల్లో పడేయవచ్చు. పంపవద్దని నేననను, ఎవరి ఇబ్బంది వాళ్ళకు తెలుసు. కానీ టిక్కెట్ కొనేముందు రోజులు లెక్కపెట్టుకోండి. ఇంకో మాట, వీసా లేకుండా ఇక్కడ పుట్టిన బిడ్డ ఇక్కడే ఉండిపోతే నేరం కాదు. కానీ ఇండియా వెళ్ళి తిరిగి రావాలంటే డిపెండెంట్ వీసా కావాలి. నామకరణానికో, అన్నప్రాశనకో వెళ్ళి అక్కడే ఇరుక్కుపోయిన తల్లులున్నారు.

మియాపూర్ ఫ్లాట్ పదహారు వేల పౌండ్లు మింగింది

ఆ జంట ఇల్లు 2,60,000 పౌండ్లు. ఇంగ్లండ్‌లో మొదటిసారి ఇల్లు కొనేవాళ్ళకు 3 లక్షల పౌండ్ల దాకా స్టాంప్ డ్యూటీ లేదు. 2025 ఏప్రిల్ 1కి ముందు ఈ పరిమితి 4,25,000 ఉండేది. తగ్గించినా వీళ్ళ ఇంటికి సరిపోతుంది. సున్నా కట్టాలనుకుని బడ్జెట్ వేసుకున్నారు.

ఆస్తి కాగితాలు చూసే సొలిసిటర్ ఒక ఫారం పంపారు. "ప్రపంచంలో ఎక్కడైనా మీకు ఇల్లుందా?" పెళ్ళిలో అమ్మాయికి వాళ్ళ నాన్న పసుపుకుంకుమ కింద మియాపూర్‌లో రెండు గదుల ఫ్లాట్ రాసిచ్చారు. అద్దె కూడా ఆయనే తీసుకుంటారు. దాన్ని తమ ఇల్లని వీళ్ళెప్పుడూ అనుకోలేదు. కానీ ఇక్కడి చట్టం అనుకుంటుంది.

మొదటిసారి కొంటున్నవారి రాయితీ రావాలంటే కొనేవాళ్ళలో ఏ ఒక్కరికీ ప్రపంచంలో ఎక్కడా, ఎప్పుడూ సొంత ఇల్లు ఉండి ఉండకూడదు. వారసత్వంగా వచ్చినా లెక్కే. అది పోతే మామూలు రేటు ప్రకారం 2,60,000కి 3,000 పౌండ్లు. దాని మీద, 40 వేల పౌండ్లు, అంటే ఇప్పటి మారకంలో సుమారు 48 లక్షల రూపాయలు, ఆపైన విలువ చేసే ఇంకో ఇల్లు ఉంటే మొత్తం ధర మీద 5 శాతం అదనం. ఇది 2024 అక్టోబర్ 31 నుంచి 3 శాతం కాస్తా 5 అయింది. అంటే ఇంకో 13,000. మొత్తం 16,000 పౌండ్లు. పందొమ్మిది లక్షల రూపాయలకు పైనే. భార్యాభర్తలను ఒకే యూనిట్‌గా చూస్తారు కాబట్టి ఇల్లు అబ్బాయి ఒక్కడి పేరు మీద కొన్నా అదనపు సుంకం తప్పదు.

అందుకే ఆ ఇంట్లో వంటగది లేదు. దాని డబ్బు స్టాంప్ డ్యూటీకి పోయింది.

హైదరాబాద్‌లో, విజయవాడలో, వైజాగ్‌లో ఫ్లాటు లేని తెలుగు కుటుంబం ఇక్కడ తక్కువ. కొంతమంది అత్తామామలు ప్రేమతో, కొంతమంది పన్ను లెక్కలతో పిల్లల పేర్ల మీద పెడతారు. ఖాళీ స్థలం, పొలం ఇల్లు కావు, వాటితో ఈ చిక్కు లేదు. ఫ్లాట్ అయితేనే సమస్య. కాబట్టి ఊళ్ళో మీ పేరు మీద ఏమేమి ఉన్నాయో అమ్మానాన్నల్ని, అత్తామామల్ని ఇల్లు వెతకడానికి ముందే అడగండి. సొలిసిటర్‌కు దాచకుండా చెప్పండి. దాచితే తర్వాత పన్ను శాఖ జరిమానాతో కలిపి వసూలు చేస్తుంది, ఆ మచ్చ వీసా దరఖాస్తు దాకా వెంటొస్తుంది. స్కాట్లండ్, వేల్స్‌లో పన్ను పేర్లు, రేట్లు వేరు. అక్కడివాళ్ళు అక్కడి లెక్క చూసుకోవాలి.

పాత ఇల్లు, కడుపులో బిడ్డ

మనింట్లో పెద్దవాళ్ళు ఒక మాట అంటారు. ఇంట్లో గర్భిణి ఉంటే గోడలు పగలగొట్టకూడదు, ఇల్లు కట్టకూడదు అని. బీఎస్సీ కెమిస్ట్రీ చదివిన పొగరుతో నేను ఒకప్పుడు నవ్వేదాన్ని. ఇప్పుడు నవ్వను. వాళ్ళు చెప్పే కారణం వేరు కావచ్చు, కానీ ఇక్కడి పాత ఇళ్ళ విషయంలో ఆ మాట అక్షరాలా పనికొస్తుంది.

ఇంగ్లండ్ ఇళ్ళలో సుమారు ఐదో వంతు 1919కి ముందు కట్టినవి. 1960ల ముందు వేసిన పెయింట్లలో సీసం ఎక్కువగా వాడేవాళ్ళు. సాధారణ అమ్మకానికి పూర్తిగా నిషేధం వచ్చింది 1992లో. తలుపులు, కిటికీ చట్రాలు, మెట్ల రెయిలింగ్‌ల మీద పొరల కింద అది ఇంకా ఉంటుంది. అలా ఉన్నంతవరకు ప్రమాదం లేదు. దాన్ని పొడిగా గీకినా, మెషీన్‌తో శాండింగ్ చేసినా, హాట్ గన్‌తో కాల్చినా దుమ్ముగా, ఆవిరిగా లేస్తుంది. సీసం ఊపిరితో లోపలికి వెళ్ళి రక్తంలో కలుస్తుంది, మాయను దాటి బిడ్డను చేరుతుంది. మెదడు ఎదుగుదలకు హాని చేస్తుంది. పాకే పిల్లలు నేల మీద దుమ్ము చేతులకు అంటించుకుని నోట్లో పెట్టుకుంటారు కాబట్టి వాళ్ళకు ఇంకా ప్రమాదం.

ఆ మెట్ల రెయిలింగ్ చూసి నేను అడిగిన మొదటి ప్రశ్న, "ఇది ఎవరు గీకారు?" అని. అబ్బాయే గీకాడట, యూట్యూబ్ చూసి. అమ్మాయి చీపురుతో ఊడ్చిందట. నేను గట్టిగానే చెప్పాను. పని ఆపండి, పెయింట్ దుకాణాల్లో దొరికే టెస్ట్ కిట్‌తో చూడండి, సీసం ఉందని తేలితే మీ మిడ్‌వైఫ్‌కు చెప్పండి, రక్త పరీక్ష అవసరమో లేదో వాళ్ళు చూస్తారు. పెయింట్ గట్టిగా ఉన్నచోట దాని మీదే కొత్త కోటింగ్ వేయండి. తీయక తప్పకపోతే తడి శాండ్‌పేపర్‌తో, మాస్క్‌తో, అమ్మాయి ఇంట్లో లేనప్పుడు. దుమ్మును ఊడ్చకూడదు, తడిగుడ్డతో తుడవాలి.

రెండోది ఆస్బెస్టాస్. బ్రిటన్‌లో దీని మీద పూర్తి నిషేధం 1999లో వచ్చింది. అంతకుముందు కట్టిన, మరమ్మతు చేసిన ఏ ఇంట్లోనైనా ఉండవచ్చు. గ్యారేజీ కప్పు రేకులు, పాత నేల పలకలు, పైకప్పు మీద గరుకుగా డిజైన్లు వేసే ఆర్టెక్స్. కదిలించకపోతే ఏమీ చేయదు. నున్నగా చేద్దామని గీకడం, డ్రిల్ చేయడం మాత్రం వద్దు. ముందు చిన్న ముక్క ల్యాబ్‌లో పరీక్ష చేయించాలి.

మూడోది మంచినీళ్ళు. 1970కి ముందు కట్టిన ఇళ్ళకు వీధి నుంచి వచ్చే పైపు సీసానిది అయ్యే వీలుంది. నీళ్ళ కంపెనీకి ఫోన్ చేయండి, చాలా కంపెనీలు నీళ్ళు పరీక్షించి చెబుతాయి. పాలపొడి కలిపేది ఆ నీళ్ళతోనే కదా. ఊరి నుంచి తెచ్చే కొన్ని కాటుకల్లో, సుర్మాల్లో కూడా సీసం ఉంటుంది. పాపాయి కళ్ళకు పెట్టకండి. దిష్టి చుక్క లేకపోతే అమ్మమ్మ అలుగుతుంది, అలగనివ్వండి.

బూజు గురించి కాస్త సైన్సు

మేము 2017లో కొన్న ఇంట్లో మా చిన్నవాడి గది గోడకు నల్ల మచ్చలు వచ్చేవి. ఒక బిల్డర్ వచ్చి గోడకు అడ్డంగా ప్లాస్టర్ బోర్డు బిగించి, తెల్ల రంగు వేసి వెళ్ళాడు. మచ్చ కనబడలేదు, వాడి దగ్గు మాత్రం తగ్గలేదు. రెండేళ్ళ తర్వాత బోర్డు తీస్తే వెనకంతా బూజు.

విషయం చాలా సింపుల్. 20 డిగ్రీల వేడి గాలి ఘనపు మీటరుకు సుమారు 17 గ్రాముల నీటి ఆవిరి పట్టుకోగలదు. 10 డిగ్రీల గాలి 9 గ్రాముల పైచిలుకు మాత్రమే. గదిలో తేమ 60 శాతం ఉంటే దాదాపు 10 గ్రాముల ఆవిరి ఉన్నట్టు. ఆ గాలి 10 డిగ్రీల చల్లని గోడను తాకగానే మోయలేని నీటిని అక్కడే వదిలేస్తుంది. బూజుకు అంతే చాలు.

మన ఇళ్ళల్లో ఆవిరి ఎక్కువ. రోజూ అన్నం, పప్పు, ఇడ్లీ, రేడియేటర్ మీద బట్టలు, కరెంటు బిల్లుకు భయపడి హీటింగ్ కట్టేసి కిటికీలు మూసేయడం. 1919కి ముందు ఇళ్ళకు గోడ మధ్యలో ఖాళీ ఉండదు, ఒకే గోడ, అది గాలి పీల్చుకోవాలి. దానికి సిమెంటు, ప్లాస్టిక్ పెయింట్ పూస్తే లోపలి తేమ లోపలే ఉండిపోతుంది. కాబట్టి వంటింటి ఎక్స్‌ట్రాక్టర్ గాలిని బయటికి పంపేది కావాలి. ఫిల్టర్ తిప్పి మళ్ళీ ఇంట్లోకే వదిలేది పోపు వాసన తగ్గిస్తుందేమో, ఆవిరిని తగ్గించదు. నా లెక్కలో కొత్త టైల్స్ కన్నా, ఐలాండ్ కిచెన్ కన్నా ఇది ముందు.

బూజును తేలిగ్గా తీసుకోకూడదని దేశానికి నేర్పింది ఒక పసివాడు. 2020 డిసెంబర్‌లో రోచ్‌డేల్‌లో రెండేళ్ళ అవాబ్ ఇషాక్ చనిపోయాడు. అద్దె ఫ్లాట్లో చాలాకాలం బూజు పీల్చడం వల్ల వచ్చిన శ్వాసకోశ సమస్యే కారణమని 2022 నవంబర్‌లో కరోనర్ తేల్చారు. ఆ బాబు పేరు మీద వచ్చిన చట్టం 2025 అక్టోబర్ 27 నుంచి సామాజిక గృహాలకు అమలవుతోంది. అత్యవసర ప్రమాదాలకు 24 గంటల్లో స్పందించాలి. ప్రైవేటు అద్దె ఇళ్ళకూ దీన్ని విస్తరించే అధికారం కొత్త అద్దెదారుల హక్కుల చట్టంలో ఉంది. అదే చట్టం కింద 2026 మే 1 నుంచి ఇంగ్లండ్‌లో కారణం చెప్పకుండా ఖాళీ చేయించే సెక్షన్ 21 నోటీసులు రద్దు. పిల్లలున్నారని ఇల్లు ఇవ్వననడమూ కుదరదు. ఇల్లు కొనకుండా పిల్లల్ని కనాలనుకునేవాళ్ళకు ఇది మంచి మార్పు. "సొంత ఇల్లు లేకుండా పిల్లలా?" అని ఊరి నుంచి అడిగే చుట్టాలకు ఇక ధైర్యంగా చెప్పవచ్చు.

వీసాతో ఏది వస్తుంది, ఏది రాదు

ఇక్కడ చాలా అయోమయం ఉంది. వీసా మీద 'పబ్లిక్ ఫండ్స్ లేవు' అని ఉంటుంది కాబట్టి ఏదీ అడగకూడదని భయపడేవాళ్ళు కొందరు. అన్నీ వస్తాయనుకునేవాళ్ళు కొందరు.

ప్రసవం ఖర్చు ఎన్.హెచ్.ఎస్‌దే, దానికే సర్‌చార్జ్ కట్టాం. గర్భం తెలియగానే మిడ్‌వైఫ్ సేవకు మీరే నేరుగా నమోదు చేసుకోవచ్చు. మెటర్నిటీ మినహాయింపు కార్డు తీసుకుంటే మందులు, పంటి వైద్యం ప్రసవమైన ఏడాది దాకా ఉచితం. మన కుటుంబ మూలాల వల్ల గర్భంలో షుగర్ వచ్చే అవకాశం ఎక్కువ. 24 నుంచి 28 వారాల మధ్య గ్లూకోజ్ పరీక్ష చేస్తారు, తప్పించుకోవద్దు.

ప్రసూతి వేతనం కూడా పబ్లిక్ ఫండ్ కాదు, ఉద్యోగంతో వచ్చే హక్కు. ఆరు వారాలు సగటు జీతంలో 90 శాతం, తర్వాత 33 వారాలు, 2025-26 ఆర్థిక సంవత్సరంలో వారానికి 187.18 పౌండ్లు. ఆ లెక్కన ఏడాదికి 41,700 జీతం ఉన్న అమ్మాయికి 39 వారాలకు వచ్చేది సుమారు 10,500 పౌండ్లు. మామూలుగా ఆ కాలానికి జీతం 31,000 పైన ఉండేది. అంటే మూడో వంతు. కంపెనీ అదనంగా ఇస్తే అదృష్టం. మార్టగేజ్ వాయిదా ఎంత కట్టగలమో ఇద్దరి పూర్తి జీతాలతో కాకుండా ఈ మూడో వంతుతో లెక్కవేసుకోండి. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ రేటు 2023లో 5.25 శాతం దాకా వెళ్ళి, 2025 డిసెంబర్‌లో 3.75కి దిగింది. కాస్త ఊరటే, కానీ రెండేళ్ళ ఫిక్స్ అయిపోయే నెల, బిడ్డ నర్సరీకి వెళ్ళే నెల ఒకటే కాకుండా చూసుకోండి.

రానిది ఏంటంటే, చైల్డ్ బెనిఫిట్ రాదు. 2025 సెప్టెంబర్ నుంచి ఇంగ్లండ్‌లో తొమ్మిది నెలల బిడ్డ మొదలుకొని వారానికి 30 గంటల ఉచిత చైల్డ్‌కేర్ వచ్చిందని టీవీల్లో ఊదరగొట్టారు. అది ఉద్యోగాలు చేసే తల్లిదండ్రులకే. కానీ ఇద్దరిలో ఒకరికైనా పబ్లిక్ ఫండ్స్ హక్కు ఉండాలి. ఇద్దరూ వీసా మీదుంటే రాదు, ఎంత పన్ను కట్టినా సరే. మూడేళ్ళు నిండాక అందరు పిల్లలకూ వచ్చే 15 గంటలు మాత్రం వస్తాయి. ఐదేళ్ళు పదేళ్ళయితే దీని అర్థం, ఈ జంట ఇద్దరు బిడ్డల్ని కన్నా ఏ బిడ్డకూ ఆ 30 గంటలు దొరకవు.

అమ్మానాన్నలు విజిటర్ వీసాలో వస్తే ఒక్కో రాకకు ఆరు నెలలు. వాళ్ళమ్మ ఆరు నెలలు, మా అత్తగారు ఆరు నెలలు, రిలే పరుగులా మనందరం అలాగే పిల్లల్ని పెంచాం. మనవణ్ణి చూసుకోవడం తప్పు కాదు. ఆయా ఉద్యోగంలా ఉండకూడదు, ఇక్కడే స్థిరపడ్డట్టు ఉండకూడదు. ఆసుపత్రిలో చేరితే ఖర్చులో ఒకటిన్నర రెట్లు బిల్లు వేస్తారు, ట్రావెల్ ఇన్సూరెన్స్ లేకుండా తీసుకురావద్దు.

నాలాంటి గృహిణుల సంగతి?

ప్రతిపాదనల్లో నన్ను ఎక్కువ కలవరపెట్టింది పదేళ్ళ మాట కాదు. స్థిర నివాసం అడిగేవాళ్ళకు కనీసం మూడు నుంచి ఐదేళ్ళపాటు ఏడాదికి 12,570 పౌండ్లకు పైగా సొంత సంపాదన ఉండాలన్న షరతు. భార్యాభర్తలను వేర్వేరుగా లెక్కించాలన్న ఆలోచన.

నేను డిపెండెంట్‌గా వచ్చాను. ఇద్దరు పిల్లలు, మధ్యలో అత్తగారి జబ్బు, మళ్ళీ మళ్ళీ ప్రయాణాలు. డిగ్రీ ఉంది, జీతం స్లిప్ లేదు. మా వారితో పాటే నాకూ ఐ.ఎల్.ఆర్ వచ్చింది, తర్వాత పాస్‌పోర్ట్. ఈ రూలు అప్పుడుంటే నేనెక్కడ ఉండేదాన్ని? భర్తకు స్థిర నివాసం వచ్చి, పిల్లలు బ్రిటిష్ అయ్యి, తల్లి మాత్రం వీసా మీద ఉండే ఇల్లు ఊహించుకోండి. బిడ్డల్ని పెంచిన ఏళ్ళు 'కాంట్రిబ్యూషన్' కాదా?

ఇక్కడే ఒక విచిత్రం ఉంది. ఇంగ్లండ్, వేల్స్‌లో 2024లో పుట్టిన బిడ్డలు 5,94,677. ఒక్కో స్త్రీకి సగటున 1.41 సంతానం. తగ్గిపోతోందని ఇక్కడ ఆందోళన. 2022 నుంచి ఇక్కడ ప్రసవిస్తున్న విదేశాల్లో పుట్టిన తల్లుల్లో మొదటి స్థానం భారతీయులదే. అటు మన దగ్గర, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రలో 1.7, తెలంగాణలో 1.8. ఎక్కువమందిని కనండని 2024 అక్టోబర్‌లో చంద్రబాబు నాయుడు గారు పిలుపిచ్చారు. స్థానిక ఎన్నికల్లో పోటీకి ఉన్న ఇద్దరు పిల్లల నిబంధనను ఆంధ్ర ప్రభుత్వం ఎత్తేసింది. రెండు దేశాల్లోనూ పెద్దలు పిల్లలు కావాలంటున్నారు. పెంచే ఖర్చు, పెంచే సమయం మాత్రం పాతికేళ్ళ అమ్మాయి ఖాతాలో వేస్తున్నారు.

ప్రభుత్వం వైపు వాదన కూడా చెప్పాలి. కొన్నేళ్ళలోనే లక్షల మంది వచ్చారు, ఇళ్ళు చాలడం లేదు, ఆసుపత్రుల్లో క్యూలు పెరిగాయి, స్థిర నివాసానికి కష్టం చూపించాలన్నది వాళ్ళ మాట. కొత్తగా వచ్చేవాళ్ళకు రూలు మార్చే హక్కు ఏ దేశానికైనా ఉంది. ఒక రూలు చూపించి పిలిచి, ఇల్లు కొన్నాక, కడుపు పండాక ఇంకో రూలు చెప్పడం న్యాయమా అన్నదే నా ప్రశ్న.

అందుకే మీ అభిప్రాయం రాయండి. వాట్సాప్‌లో వచ్చిన ఒకే మెసేజీని అందరూ అతికించడం కాదు. మీ లెక్క మీరు రాయండి. ఎప్పుడు వచ్చారు, ఎంత పన్ను కట్టారు, బిడ్డ ఎప్పుడు పుట్టింది, ఎన్నేళ్ళు ఇంట్లో ఉన్నారు, ఎందుకు ఉన్నారు. పౌరసత్వం వచ్చేసిన మనం ముందు రాయాలి. మీ నియోజకవర్గ ఎంపీకి ఒక ఉత్తరం పంపండి. వీసా మీదున్న కామన్వెల్త్ పౌరులమైన మనకు ఇక్కడ ఓటు కూడా ఉంది, చాలామంది పేరే నమోదు చేయించుకోలేదు.

ఆ అమ్మాయికి నా జవాబు

నిన్న ఫోన్ చేసి చెప్పాను. ఇల్లు కొని తప్పు చేయలేదమ్మా. వీసా పదేళ్ళయినా ఎక్కడో ఒకచోట తల దాచుకోవాలి, అద్దె అయినా కట్టాలి. కానీ ఇల్లంతా ఈ ఏడాదే పూర్తి చేయాలన్న పట్టుదల వదిలెయ్. ముందు పాపాయి గది గోడ ఎండబెట్టించు, గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉన్న మనిషితో బాయిలర్ చూపించు, కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టించు. వంటింటి ఎక్స్‌ట్రాక్టర్ బయటికి తిప్పించు. అందమైన పనులు తర్వాత. ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంచుకో. ఆఫీసుకు రాతపూర్వకంగా చెప్పి ప్రసూతి సెలవు హక్కు కాపాడుకో. బిడ్డ ప్రయాణాల రోజులు ఒక నోట్‌బుక్‌లో రాసుకో.

అంతా విని, "మరి మెట్ల రెయిలింగ్ సగం గీకి వికారంగా ఉందక్కా, సీమంతానికి అందరూ వస్తారు" అంది.

దానికి పూలదండ చుట్టేద్దాం అన్నాను. ఆ పని నేనూ, మా వీధి ఆడవాళ్ళూ చూసుకుంటాం.